ఫ్యూజ్ ఉందిగా, ఏమవుతుంది?

కారుకు కొత్తగా ఏదైనా బిగించాలి. డ్యాష్‌క్యామో, ఫాగ్ ల్యాంపులో, వెనక సీటు దగ్గర చార్జింగ్ పాయింటో. కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకోవాలి? యాక్సెసరీస్ షాపు కుర్రాడి దగ్గర్నుంచి, వీడియోలు చూసి ఇంటి ముందే బిగించుకునే ఉద్యోగి దాకా అందరి నోటా ఒకటే జవాబు. "ఫ్యూజ్ బాక్స్‌లో టెస్టర్ పెట్టి చూడు. ఎక్కడ వెలిగితే అక్కడ తీసుకో. ఫ్యూజ్ ఉందిగా, ఏమవుతుంది?"

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. దీని వెనక ఉన్న వాదన ఇది. బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగాలంటే ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకులో దారి వెతకాలి. ఆ తీగకు మొదట్లోనే ఫ్యూజ్ పెట్టకపోతే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. ఫ్యూజ్ బాక్సైతే డ్రైవరు మోకాలి దగ్గరే ఉంటుంది. కంపెనీ ఇంజనీర్లే లెక్కగట్టి ఒక్కో లైనుకు ఒక్కో ఫ్యూజ్ పెట్టారు. డ్యాష్‌క్యామ్ తీసుకునేది అర ఆంపియరు కూడా కాదు. ఇలా బిగించిన కార్లు ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నాయి.

ఇందులో ఏ వాక్యాన్నీ విడిగా తప్పుపట్టను. అన్నీ కలిపి తీసిన ముగింపు తప్పంటున్నాను.

రెండేళ్ల కిందట జూలైలో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. సూర్యాపేట దాటాక రాత్రి తొమ్మిదిన్నరకు కుండపోత వాన. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి. ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనపడలేదు. ఎలాగో పక్కకు తీసి ఆపి, సెల్‌ఫోన్ వెలుగులో ఫ్యూజ్ బాక్స్ మూత తీశాను. వైపర్ ఫ్యూజ్ చేత్తో లాగితే రాలేదు, పటకారుతో పీకాల్సి వచ్చింది. పైకెత్తి చూస్తే లోపలి తీగ చెక్కుచెదరలేదు. ఫ్యూజ్ కాలిపోలేదు. దాని ఒక కాలు చుట్టూ ప్లాస్టిక్ మాత్రం కరిగి, గోధుమరంగు తిరిగి, గడి అంచుకు అతుక్కుపోయింది. ఆ కాలికే రెండు చుట్లు చుట్టి ఉంది డ్యాష్‌క్యామ్ ఎర్ర తీగ. ఏడాది కిందట ఒక షాపులో ఇరవై నిమిషాల్లో బిగించి ఇచ్చారు.

ఆ ఫ్యూజ్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. నేను ఖండిస్తున్న వాదన మొత్తానికీ జవాబు దాంట్లోనే ఉంది.

1. టెస్టర్ వెలిగితే తెలిసేది ఎంత?

ఆ క్షణాన ఆ చోట వోల్టేజీ ఉందని తెలుస్తుంది. అంతే. ఆ లైను దేనిది, ఎంత మోయగలదు, ఎప్పుడు ఆగిపోతుంది అన్నవి బల్బు చెప్పదు.

కారులో కరెంటు ఒక్క రకం కాదు. తాళం తీసేసినా ఉండేది డైరెక్ట్ కరెంటు. తాళం మొదటి మెట్టు తిప్పితే వచ్చేది యాక్సెసరీ కరెంటు. రెండో మెట్టులో వచ్చేది ఇగ్నిషన్ కరెంటు. ఇంజను స్టార్టయ్యే రెండు క్షణాలూ స్టార్టర్ మోటారుకు దారి వదలడానికి యాక్సెసరీ లైను ఆగిపోతుంది, మిగతా లైన్లలో వోల్టేజీ పడిపోతుంది. ఇప్పటి కార్లలో ఇంకో రకం కూడా ఉంది. తలుపులు లాక్ చేశాక కూడా కంప్యూటర్లు నిద్రపోయేదాకా కొన్ని లైన్లు బతికే ఉంటాయి. తాళం తీసిన వెంటనే టెస్టర్ పెడితే అవి డైరెక్ట్ కరెంటులాగే కనిపిస్తాయి. కాసేపాగి చూస్తే ఉండదు. బిగించేవాడికి ఆ కాసేపు ఆగే ఓపిక ఉండదు, వెనక ఇంకో కారు నిలబడి ఉంటుంది.

"ఖాళీ గడి ఉంది, అందులోంచి తీసుకుందాం" అన్న మాటా ఇలాంటిదే. గడి ఖాళీగా ఉందంటే ఆ మోడల్‌లో పై వేరియంట్‌కు ఇచ్చిన సౌకర్యం మీ కారుకు ఇవ్వలేదని అర్థం కావచ్చు. కొన్ని గడుల్లో లోపల ఇత్తడి టెర్మినలే ఉండదు. కొన్నింట్లో ఒకవైపే ఉంటుంది. ఉన్నదానికి వెనక ఎంత లావు తీగ వచ్చిందో మూత మీది బొమ్మ చూసి చెప్పలేం.

2. ఫ్యూజ్ కాపాడేది దేన్ని?

"ఫ్యూజ్ ఉందిగా" అనేవాళ్ల వాదన మొత్తం ఈ ఒక్క చోట నిలబడి ఉంది. ఇక్కడే కూలుతుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఫ్యూజ్ పెట్టేది తన తర్వాత ఉన్న తీగను కాపాడటానికి. కంపెనీ వైపర్ లైనుకు 20 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టిందంటే ఆ ఫ్యూజ్ నుంచి వైపర్ మోటారు దాకా వెళ్లే తీగ 20 ఆంపియర్లు తట్టుకునేంత లావుగా ఉందని భావం. ఆ గడిలోంచి మీరు సన్న తీగ ఒకటి లాగారనుకోండి. ఫ్యూజ్ లెక్కలో ఆ తీగ లేదు.

అంకెలు చూద్దాం. డ్యాష్‌క్యామ్ కిట్‌లో వచ్చే తీగ సుమారు 0.35 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. అలాంటి రాగి తీగకు మీటరుకు 0.05 ఓం నిరోధం. 2 ఆంపియర్లు పారితే మీటరు తీగలో పుట్టే వేడి 0.2 వాట్లు, చేతికి తెలియదు. 20 ఆంపియర్లు పారితే 20 వాట్లు. కరెంటు పది రెట్లు పెరిగితే వేడి నూరు రెట్లు పెరుగుతుంది. ఆ తీగ గాలి ఆడే చోట లేదు. పైకప్పు గుడ్డ లోపల, పిల్లర్ ప్లాస్టిక్ కింద, స్పాంజి పక్కన నొక్కుకుని ఉంది. దాని ఇన్సులేషన్ మెత్తబడి కరిగేదాకా 20 ఆంపియర్ల ఫ్యూజ్ ఊరికే కూర్చుంటుంది, ఎందుకంటే దాని లెక్క ప్రకారం ఏ తప్పూ జరగలేదు.

"షార్ట్ అయితే వెంటనే ఎగిరిపోతుంది కదా" అంటారు. తీగ నేరుగా రేకుకు గట్టిగా తగిలితే ఎగిరిపోతుంది, ఒప్పుకుంటాను. నిజంగా జరిగేవన్నీ అలాంటి శుభ్రమైన షార్టులు కావు. రంగు వేసిన రేకు అంచుకు రాసుకుని రాసుకుని సగం తెగిన ఇన్సులేషన్, చౌక చార్జర్ లోపల కాలిపోయిన పార్టు, తడిసిన కప్లర్. ఇవి లాగేది పది పన్నెండు ఆంపియర్లు. పెద్ద ఫ్యూజ్ దాన్ని మామూలు లోడనే అనుకుంటుంది.

ఇంకో సంగతి చాలామంది షాపు వాళ్లకే తెలియదు. 10 ఆంపియర్ల ఫ్యూజ్ 10 దాటిన మరుక్షణం ఎగరదు. బ్లేడ్ ఫ్యూజులకు ఐఎస్ఓ 8820 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 11 ఆంపియర్ల దగ్గర ఆ ఫ్యూజ్ కనీసం 100 గంటలు నిలబడాలి. 13.5 దగ్గర ఎగరడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు. ఇది లోపం కాదు. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ లాగుతుంది, దానికి ఎగిరిపోకూడదని అలా తయారుచేస్తారు. కాబట్టి ఫ్యూజ్ మీది అంకెను గోడలా నమ్మడం కుదరదు.

ఇక ఫ్యూజ్ ఎగిరితే దాని స్థానంలో పెద్దది పెట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎర్రది 10, నీలం 15, పసుపు 20. ఎర్రది రెండుసార్లు ఎగిరిందని పసుపుది గుచ్చి పంపే షాపులున్నాయి. ఇళ్లలో పింగాణీ ఫ్యూజులున్న కాలంలో మాటిమాటికీ పోతోందని రాగి తీగ నాలుగు పేటలు వేసి బిగించేవాళ్లం. అప్పుడు స్తంభం దగ్గర ఫ్యూజ్ పోయేది, లేదంటే గోడలో వైరే కాలిపోయేది. ఆ అలవాటే కారులోకి వచ్చింది.

3. కాలికి తీగ చుట్టి గుచ్చడం

నా కారుకు జరిగింది ఇది. ఫ్యూజ్ కాళ్లను పట్టుకునే టెర్మినల్ రెండు సన్న రేకుల చిమటా. ఫ్యూజ్ కాలి మందానికి సరిగ్గా బిగిసేలా చేస్తారు. కాలికి తీగ చుట్టి నొక్కితే చిమటా విప్పారిపోతుంది. మళ్లీ తన బిగువుకు రాదు. అప్పట్నుంచి కరెంటు పారేది ఒకటి రెండు చుక్కల్లోంచే. వైపర్ మోటారు తిరిగిన ప్రతిసారీ ఆ చుక్కలు వేడెక్కుతాయి, వేడికి నల్లబడతాయి, నల్లబడినకొద్దీ నిరోధం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతాయి. ఇంతా జరుగుతుంటే లైనులో కరెంటు పెరగదు, పైగా తగ్గుతుంది. ఫ్యూజ్‌కు తెలిసేది ఎక్కువ కరెంటు ఒక్కటే. తన కాలు కాలుతున్నా అది ఎగరదు. నా బల్ల మీది ఫ్యూజ్ అలాంటిదే.

"మేం తీగ చుట్టం, ఫ్యూజ్ ట్యాప్ వాడతాం" అనేవాళ్లు మెరుగు. రెండు ఫ్యూజులు పెట్టుకునే ఆ చిన్న పరికరం మంచిదే. దాన్నీ తిరగేసి పెడుతున్నారు. పాత ఫ్యూజ్ తీశాక గడిలో రెండు టెర్మినళ్లు ఉంటాయి. కరెంటు వచ్చే వైపు ఒకటి, వెళ్లే వైపు ఇంకోటి. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు కరెంటు వచ్చే వైపుకు పోవాలి. అప్పుడు కొత్త సామాను కరెంటు కొత్త ఫ్యూజ్‌లోంచి మాత్రమే పారుతుంది. తిరగేస్తే అది కూడా పాత ఫ్యూజ్‌లోంచే రావాలి. స్టీరియోకు కట్టిన ఫ్యూజ్ మీద ఇంకో సామాను బరువు పడుతుంది. ఫ్యూజ్ తీసి, ఏ టెర్మినల్ దగ్గర టెస్టర్ వెలుగుతుందో చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం పెట్టేవాళ్లు నాకు తక్కువ కనిపించారు. సైజు సరిపోని ట్యాప్‌ను బలవంతంగా దిగ్గొట్టినా చిమటా గతి అదే.

4. "చిన్నదే కదా"

చిన్నదే. ఎంతసేపు అన్నదే ప్రశ్న. పార్కింగ్ మోడ్‌లో ఉన్న డ్యాష్‌క్యామ్ 0.3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. సంక్రాంతికి కారును అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టి రైల్లో ఊరికి పోయి నాలుగు రోజులకు తిరిగొస్తే, కెమెరా ఒక్కటే 28 తినేసి ఉంటుంది. కారు స్టార్ట్ కాదు. అంత లోతుకు దిగిన లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఆయుష్షు కూడా తగ్గుతుంది. అప్పుడు నింద పడేది బ్యాటరీ మీద. కొత్తది కొంటారు, ఉగాదికి అదీ అలాగే పడుకుంటుంది. తక్కువ వోల్టేజీ దగ్గర ఆపేసే కిట్లు ఉన్నాయి. అందులో పసుపు తీగ డైరెక్ట్ కరెంటుకు, ఎర్రది యాక్సెసరీకి పోవాలి. రెండూ కలిపి ఒకే చోట గుచ్చేస్తే తాళం తీశామన్న సంగతే కెమెరాకు తెలియదు.

పెద్ద లోడ్ల విషయంలో "ఫ్యూజ్ ఉందిగా" అన్న అభిప్రాయం ఇంకా చెడ్డది. ఫాగ్ ల్యాంపులు 55 వాట్లవి రెండు పెడితే 9 ఆంపియర్లు. డిక్కీలో ఊఫర్‌కు ఆంప్లిఫయర్ నిజంగా 300 వాట్లు ఇస్తే 25 ఆంపియర్లు దాటుతుంది. మోకాలి దగ్గరి ఫ్యూజ్ బాక్స్‌లో ఏ గడీ ఇందుకు పుట్టలేదు. హెడ్‌లైట్ లైను నుంచి తీసుకోవడం మరీ పొరపాటు. చాలా కొత్త మోడళ్లలో దీపాల కరెంటును కంప్యూటరే కొలిచి, పల్సులుగా తెంపి పంపుతుంది. లెక్క తేడా వస్తే బల్బు పోయిందని హెచ్చరిక వేస్తుంది, లేదా లైనే ఆపేస్తుంది.

5. ముట్టకూడని గడులు

అంబాసిడర్, మారుతి 800 రోజుల్లో ఏ ఫ్యూజ్ పోయినా జరిగే నష్టం తక్కువ. హారన్ మోగదు, స్టీరియో ఆగుతుంది. మన షాపుల విద్య ఆ రోజులది, గురువు నుంచి శిష్యుడికి వచ్చింది. కార్లు మారిపోయాయి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కారుకూ ఏబీఎస్ తప్పనిసరి. అదే ఏడాది జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, 2022 జనవరి నుంచి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు. అంటే ఈ రోజు ప్రతి కొత్త కారు ఫ్యూజ్ బాక్స్‌లోనూ ప్రాణానికి సంబంధించిన గడులు ఉన్నాయి. టెస్టర్ వాటి దగ్గరా అలాగే వెలుగుతుంది.

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజను కంప్యూటర్, స్టీరింగ్, ఫ్యూయల్ పంప్. ఈ గడుల్లోంచి పావు ఆంపియరు కూడా తీసుకోకూడదు. ఎంత తక్కువైనా ఒప్పుకోను. ఎందుకంటే అక్కడ భయం లోడు గురించి కాదు. మీ చౌక చార్జర్ షార్టయి ఆ ఫ్యూజ్ ఎగిరినా, చిమటా వదులై కరెంటు తెగి తెగి వచ్చినా, బ్రేకు తొక్కిన క్షణాన ఏబీఎస్ ఉండదు. గుద్దుకున్న క్షణాన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. పసుపు కప్లర్లున్న ఎయిర్‌బ్యాగ్ తీగల మీద బల్బు టెస్టర్ పెట్టడమే తప్పని సర్వీస్ మాన్యువళ్లు హెచ్చరిస్తాయి. బల్బులోంచి పారే కరెంటే బ్యాగును పేల్చవచ్చు.

వైపర్‌ను కూడా ఈ జాబితాలో కలుపుతాను. ఎందుకో పైన చెప్పాను.

6. "ఇన్నేళ్లూ ఏం కాలేదు"

ఏం కాని కార్లే ఆ షాపుకు తిరిగొస్తాయి, అదీ ఇంకో సామాను బిగించుకోవడానికి. వైపర్ ఆగిన కారు ఇంకో ఊళ్లో ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతుంది. బ్యాటరీ పడుకున్న కారు బ్యాటరీ షాపుకు పోతుంది. బిగించినవాడికి తన పని ఫలితం ఎప్పటికీ తెలియదు. "మా దగ్గర ఒక్క కంప్లయింటూ లేదు" అని ఆయన చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు, రుజువు మాత్రం కాదు.

పైగా ఈ తప్పు బిగించిన రోజే బయటపడదు. మే నెల ఎండలో మూసిన కారు లోపల ప్లాస్టిక్ మెత్తబడాలి. పిల్లర్ కింద తీగ వేల గుంతల మీద రాసుకోవాలి. ఎలుక ఒకసారి బానెట్‌లో కాపురం పెట్టాలి. మొదటి సామాను దగ్గర ఏం కాలేదని అదే గడిలోంచి రెండోది, మూడోది తీసుకోవాలి. అన్నీ కలిసిన రోజున ఏ తీగ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగినవాడు పక్కన ఉండడు.

7. మరి ఎక్కణ్ణుంచి తీసుకోవాలి?

ఫ్యూజ్ బాక్స్‌నుంచి అసలు తీసుకోవద్దని నేననను. ఎంచి తీసుకోమంటాను. కారుతో వచ్చిన పుస్తకంలో ఫ్యూజుల పట్టిక ఉంటుంది. టెస్టర్ కంటే ముందు అది తెరవాలి. డ్యాష్‌క్యామ్ లాంటి వాటికి 12 వోల్ట్ సాకెట్‌దో, స్టీరియోదో యాక్సెసరీ గడి సరిపోతుంది. ఆగితే ప్రయాణం ఆగని లైను అయ్యుండాలి. సైజు సరిపోయే ట్యాప్, సరైన వైపున, అందులో తీగకు తగ్గ ఫ్యూజ్. 0.35 తీగకు 2 ఆంపియర్లది చాలు. సాకెట్‌కు 15 ఉందని ట్యాప్ పై గడిలోనూ 15 పెడితే పని మొత్తం వృథా. సాకెట్‌లో టైరు గాలి పంపు కూడా గుచ్చే అలవాటుంటే, అదొక్కటే పది ఆంపియర్ల దాకా లాగుతుందని గుర్తుంచుకుని ఇంకో గడి చూసుకోవాలి.

దీపాలు, పెద్ద హారన్లు, ఆంప్లిఫయర్లకు దారి వేరు. బ్యాటరీ నుంచి లావు తీగ, బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజ్. దీపాలకూ హారన్లకూ మధ్యలో రిలే. 30 అన్న కాలికి బ్యాటరీ తీగ, 87కు దీపాలు, 85, 86 కాళ్లకు స్విచ్చి లైను. రిలే కాయిల్ తీసుకునేది పావు ఆంపియరు లోపే. ఫ్యూజ్ బాక్స్‌ను అడగాల్సింది ఆ పావు ఆంపియరు ఒక్కటే. నెగటివ్ తీగ బాడీకి ఉన్న ఎర్త్ బోల్టుకే పోవాలి. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట ఆగిపోయే కార్లలో బ్యాటరీ నెగటివ్ దగ్గర కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. నేరుగా ఆ టెర్మినల్‌కే బిగిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది.

కార్ల కంపెనీల మీద కూడా నాకు ఒక అభియోగం ఉంది. కొనేవాళ్లలో ఎంతమంది డ్యాష్‌క్యామ్ పెట్టుకుంటున్నారో వాళ్లకు తెలియంది కాదు. అమెరికాలో అమ్మే ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులకు అదనపు సామాన్ల కోసమే ఫ్యూజులతో సహా స్విచ్చిలు కోరుకోవచ్చు. మన చిన్న కార్లకు అంత అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్‌తో ఒక యాక్సెసరీ లైను, ఒక డైరెక్ట్ లైను, ఒక ఎర్త్ కలిపి మూడు తీగల కప్లర్ ప్రతి వేరియంట్‌కూ ఇస్తే ఎవరూ వైపర్ జోలికి పోరు. దాని ఖర్చు సీటు కవర్ ఖర్చంత కూడా ఉండదు.

షాపుల నుంచి నేను కోరేది బిల్లు మీద ఒక్క వరుస. ఏ గడిలోంచి తీశారు, అది తాళంతో ఆగేదా ఆగనిదా, కొత్తగా పెట్టిన ఫ్యూజ్ ఎంత, ఎర్త్ ఎక్కడ బిగించారు. పోయిన నెల మా బావగారి కారుకు కెమెరా పెట్టించడానికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడు ఇవి అడిగాను. ఆయన విసుక్కోలేదు. "పుస్తకం తీసుకురండి సార్" అన్నాడు. పట్టిక మీద వేలు పెట్టి చూశాడు, ఫ్యూజ్ పీకి రెండు వైపులా టెస్టర్ ఆనించాడు, ట్యాప్ గుచ్చాక ఒకసారి లాగి బిగువు చూశాడు. బిల్లు వెనక "సాకెట్ గడి, తాళం కరెంటు, 2 ఆంపియర్లు, ఎడమ కాలి పక్క బోల్టు" అని పెన్నుతో రాశాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఆ బిల్లును మా బావగారు ఆర్‌సీ కవర్‌లో పెట్టుకున్నారు.